లైనక్స్ కెర్నెల్ వాళ్లకు మొదటి మెయిల్ ఎలా రాయాలి?

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఓపెన్ సోర్స్‌లో (కోడ్ అందరికీ తెరిచి ఉండే ప్రాజెక్టుల్లో) పనిచేస్తే రెజ్యూమెకి బలమని సీనియర్లు చెబితే లైనక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కోడ్) మెయిలింగ్ లిస్ట్‌కు, అంటే దానిమీద పనిచేసేవాళ్లందరికీ చేరే మెయిల్ చిరునామాకు, రాశాను. ఫోన్‌లోంచి పంపిన మొదటి మెయిల్ తిరిగొచ్చేసింది. ‘నేను బిగినర్‌ని, నేర్చుకోవాలని చాలా ఆసక్తిగా ఉంది, దయచేసి ఏదైనా పని అప్పగించండి’ అని ల్యాప్‌టాప్‌లోంచి మళ్లీ పంపాను. మూడు రోజులైనా జవాబు లేదు. అదే మెయిల్ అయిదారుగురు మెయింటెయినర్లకు (కెర్నెల్‌లో ఒక్కో భాగానికి బాధ్యులు) విడివిడిగా పంపితే ఒకాయన మాత్రం ‘డాక్యుమెంటేషన్ చదవండి. నాకు విడిగా రాయొద్దు, లిస్ట్‌లోనే అడగండి’ అని ఒక్క లైను రాశారు. చాలా అవమానంగా అనిపించింది. నా ఇంగ్లీషు బాగాలేకనేనా? ఆ మెయిల్ ఎప్పటికీ నెట్‌లో ఉండిపోతుందట, ఉద్యోగానికి అడ్డమవుతుందా? నాన్నేమో ఇవన్నీ మానేసి అమీర్‌పేటలో జావా ఫుల్‌స్టాక్ కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఉద్యోగం సంగతి చెబుతాను, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి. ఆ మెయిల్ ఆర్కైవ్‌లో, అంటే లిస్ట్ పాత మెయిల్స్ అందరూ చదవగలిగేలా దాచే చోట, ఉండిపోయే మాట నిజమే. దానివల్ల మీకు ఏ ఉద్యోగమూ పోదు. ‘పని ఇవ్వండి’ అని అడిగిన విద్యార్థుల మెయిల్స్ అక్కడ లెక్కలేనన్ని ఉన్నాయి, వాటిని వెతికి చదివే తీరిక ఎవరికీ లేదు. మీ పేరు మీద ఎవరైనా వెతికితే, రేపు మీరు రాయబోయే మంచి మెయిల్స్ కూడా అదే ఆర్కైవ్‌లో కనిపిస్తాయి.

ఇంగ్లీషు సంగతికొస్తే, కెర్నెల్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్ వాడు, మాతృభాష స్వీడిష్. ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో చేసిన మార్పులు, పంపేవాళ్లలో జర్మన్లు, చైనావాళ్లు, జపాన్‌వాళ్లు, బ్రెజిల్‌వాళ్లు బోలెడంతమంది. వ్యాకరణం తప్పిందని అక్కడ ఎవరూ ఎవర్నీ వెనక్కి పంపరు. చిన్న చిన్న వాక్యాలు, ఒక్కో వాక్యంలో ఒక్కో విషయం ఉంటే చాలు. కాబట్టి తెలుగు మీడియం మీద నేరం మోపకండి.

మరి ఎక్కడ తేడా కొట్టింది? మొదటి మెయిల్ తిరిగి రావడానికి కారణం పూర్తిగా సాంకేతికం. ఫోన్‌లోని జీమెయిల్ యాప్ మెయిల్‌ను హెచ్‌టీఎమ్ఎల్ రూపంలో పంపుతుంది. కెర్నెల్ లిస్టులు నడిపే సర్వర్ హెచ్‌టీఎమ్ఎల్ ఉన్న మెయిల్‌ను మనిషి దాకా రానివ్వదు, ప్లెయిన్ టెక్స్ట్ మాత్రమే తీసుకుంటుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచినప్పుడు ‘ప్లెయిన్ టెక్స్ట్ మోడ్’ పెట్టుకుంటే మామూలు మెయిల్ వెళ్తుంది. కోడ్ ప్యాచ్‌కు మాత్రం అదీ పనికిరాదు. జీమెయిల్ వెబ్ పేజీ ట్యాబ్‌లను స్పేస్‌లుగా మార్చేస్తుంది, లైన్లను తనకు నచ్చినచోట విరిచేస్తుంది, అలా వెళ్లిన ప్యాచ్ అవతల అతుక్కోదు. అందుకే ప్యాచ్‌లను గిట్‌లోని (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ‘గిట్ సెండ్-ఈమెయిల్’ అనే కమాండ్‌తో పంపుతారు.

రెండో మెయిల్‌లోనే అసలు చిక్కు ఉంది. మీ మర్యాదకు వంక పెట్టడానికేమీ లేదు. కానీ అందులో చదివేవాడు పట్టుకోవడానికి ఒక్క వివరం కూడా లేదు. ఆస్పత్రి ఓపీలో డాక్టర్ ఎదుట కూర్చుని ‘ఒంట్లో బాగాలేదు, ఏదైనా మందివ్వండి’ అంటే ఆయన ఏం రాయగలడు? జ్వరం ఎన్నాళ్ల నుంచి, ఏం తిన్నారు, ఇప్పటిదాకా ఏం వేసుకున్నారు అన్నది చెబితేనే కదా. పైగా కెర్నెల్‌లో ఒకరికి పని అప్పగించే మేనేజర్ అంటూ ఎవరూ ఉండరు. 9, 10 వారాలకొక కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కో వెర్షన్‌లో సుమారు 2,000 మంది చేయి ఉంటుంది. ఎవరికి కనిపించిన లోపం వాళ్లు సరిచేసి పంపుతారు. కాలేజీలో మనకు అసైన్‌మెంట్ ఇస్తే చేయడం అలవాటు. అక్కడ అసైన్‌మెంట్ వెతుక్కోవడం కూడా మన పనే.

టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ల న్యూస్‌గ్రూప్‌లో (అప్పటి ఆన్‌లైన్ చర్చావేదిక) పెట్టిన ప్రకటన ఇప్పటికీ దొరుకుతుంది, తప్పకుండా చదవండి. అప్పుడతను హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి, వయసు 21. ‘నాకు సాయం చేయండి’ అని మొదలుపెట్టలేదు. సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాననీ, ఏప్రిల్ నుంచి దానిమీదే ఉన్నాననీ, బాష్ 1.08, జీసీసీ 1.40 అనే ప్రోగ్రాములు ఇప్పటికే దానిమీద నడుస్తున్నాయనీ చెప్పాడు. మినిక్స్‌లో మీకు ఏం నచ్చింది, ఏం నచ్చలేదు అని అడిగాడు. చేసినదేమిటో ముందు చెప్పాడు, జవాబివ్వడానికి వీలైన ప్రశ్న వేశాడు. అపరిచితులు స్పందించారు.

మూడో పని, అంటే అయిదారుగురికి విడివిడిగా పంపడం, మీరు ఊహించిన దానికంటే ఎక్కువ చెడు చేస్తుంది. లిస్ట్‌లో అడిగితే ఒకరు ఊళ్లో లేకపోయినా ఇంకొకరు చెబుతారు, ఆ జవాబు రేపు మీలాంటి ఇంకో కుర్రాడికి ఆర్కైవ్‌లో దొరుకుతుంది. విడిగా అడిగితే ఒకే జవాబు అయిదుగురు అయిదుసార్లు రాయాలి, అది మరెవరికీ అందదు. ఆ పెద్దమనిషి లైను పొడిగా ఉన్నా, మీకు రెండు దారులు చూపించి వెళ్లాడు. చాలామంది ఆ మాత్రం కూడా రాయరు. దాన్ని అవమానంగా తీసుకోకండి. వందల మెయిల్స్ మధ్య మీకోసం ఒక నిమిషం ఆగాడు.

కొత్తవాళ్ల పట్ల వాళ్లు అంత ముభావంగా ఉండటానికి కారణాలున్నాయి, అవి తెలిస్తే మీకు మనసు తేలికపడుతుంది. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులు (ప్రాజెక్టులో కలపమని పంపే మార్పులు) పెడితే టీషర్టు ఇస్తామన్నారు. వీడియోలు చూసి చాలామంది ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒక మాట చేర్చి పంపారు, వాళ్లలో మన దేశపు పిల్లలూ ఉన్నారు. ఆ చెత్త ఏరలేక ప్రాజెక్టులవాళ్లు మొత్తుకుంటే, ఒప్పుకున్న ప్రాజెక్టులను మాత్రమే లెక్కలోకి తీసుకుంటామని ఆ నెలలోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. 2024 మార్చిలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రాజెక్టులో ఓపికగా, మర్యాదగా రెండేళ్లకు పైగా పనిచేసి నమ్మకం సంపాదించిన ఒక అజ్ఞాత వ్యక్తి అందులో దొంగతలుపు పెట్టాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వి చూడబట్టి బయటపడింది. ఇలాంటివి చూసినవాళ్లు కొత్త పేరు కనిపించగానే చేతులు చాచి ఆహ్వానించకపోవడంలో ఆశ్చర్యం లేదు. పనిని చూసే నమ్ముతారు.

ఇప్పుడు మీరు రాయగలిగిన మెయిల్ ఎలా ఉంటుందో చూపిస్తాను. ‘పని ఇవ్వండి’ బదులు, మీ సొంత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుని కొత్త కెర్నెల్ మీరే బిల్డ్ చేసి రోజూ వాడండి. ఏదో ఒకటి చెడుతుంది, అదే మీ అసైన్‌మెంట్. మూత మూసి తెరిస్తే వైఫై రావడం లేదనుకుందాం. ఇంగ్లీషులో రాయాల్సిన మెయిల్ సారాంశం ఇలా ఉండాలి (రిగ్రెషన్ అంటే పాత వెర్షన్‌లో నడిచినది కొత్తదాంట్లో చెడటం, కమిట్ అంటే గిట్‌లో నమోదైన ఒక్కో మార్పు, బైసెక్ట్ అంటే చెడగొట్టిన మార్పును సగం సగం చేసుకుంటూ వెతకడం):

‘విషయం: రిగ్రెషన్, 6.12లో స్లీప్ నుంచి లేచాక వైఫై కనిపించడం లేదు.

6.11 వరకు నా ల్యాప్‌టాప్‌లో వైఫై బాగా పనిచేసింది. 6.12లో మూత మూసి తెరిస్తే వైఫై మాయమవుతోంది, రీబూట్ చేస్తేనే తిరిగొస్తోంది. ప్రతిసారీ ఇలాగే జరుగుతోంది. గిట్ బైసెక్ట్ చేస్తే ఈ కమిట్ దగ్గర మొదలైనట్టు తేలింది (ఇక్కడ కమిట్ నంబరు, పేరు). దాన్ని వెనక్కి తీసి బిల్డ్ చేస్తే సమస్య లేదు. ఆర్కైవ్‌లో వెతికాను, ఇదే సమస్య మీద చర్చ కనిపించలేదు. ల్యాప్‌టాప్ మోడల్, వైఫై చిప్, లాగ్ కింద ఇచ్చాను. ప్యాచ్ ఏదైనా ఇస్తే పరీక్షించి చెబుతాను.’

ఇందులో ‘బిగినర్’ అన్న మాట లేదు, ఆసక్తి ఉందన్న మాట లేదు, ‘రెస్పెక్టెడ్ సర్’ కూడా లేదు. వాళ్లు ఒకరినొకరు పేరుతోనే పిలుచుకుంటారు, ‘హాయ్’ అని మొదలుపెడితే ఎవరూ తక్కువ చేశారనుకోరు. పాత వెర్షన్‌లో నడిచినది కొత్తదాంట్లో చెడకూడదన్నది కెర్నెల్‌లో గట్టి నియమం, అందుకే ఇలాంటి రిపోర్టును పక్కన పడేయడం కష్టం. బైసెక్ట్ అంటే భయపడకండి. రెండు వెర్షన్ల మధ్య 10,000 పైచిలుకు మార్పులుంటాయి, సగం సగం చేసుకుంటూ పోతే 14 సార్లు బిల్డ్ చేసి బూట్ చేసేసరికి నేరం ఏ మార్పుదో దొరికిపోతుంది. హాస్టల్ ల్యాప్‌టాప్‌లో రెండు వారాంతాలు పట్టొచ్చు. ఆ మెయిల్ ఎవరికి పంపాలో ఊహించక్కర్లేదు, కెర్నెల్ సోర్సులోనే ‘గెట్ మెయింటెయినర్’ అనే స్క్రిప్టు ఉంది, ఏ ఫైలుకు ఎవరు బాధ్యులో, ఏ లిస్ట్‌కు పంపాలో అదే చెబుతుంది. మెయింటెయినర్ పేరుతోపాటు లిస్ట్ కూడా ఉండాలన్నది మరవకండి.

జవాబు వచ్చాక చాలామంది తడబడతారు. మనం మెయిల్ పైన జవాబు రాసి, పాతదంతా కింద వేలాడదీయడానికి అలవాటు పడ్డాం. అక్కడ అది ఒప్పుకోరు. వాళ్ల ప్రశ్న కిందే మీ జవాబు రాయాలి, అవసరం లేని పాత వాక్యాలు కత్తిరించాలి, ‘రిప్లై ఆల్’ నొక్కి సీసీలో ఉన్నవాళ్లందరినీ ఉంచాలి. మధ్యలో ఎవర్నైనా వదిలేస్తే చర్చ తెగిపోతుంది. ఉద్యోగంలో చేరాక ఆఫీసు మెయిల్ నుంచి రాస్తే, అడుగున ఆటోమేటిక్‌గా వచ్చే ‘ఈ సమాచారం రహస్యం’ అన్న నోటీసు కూడా తీసేయించుకోవాలి, ప్రపంచమంతా చదివే చోట దాన్ని చూస్తే కొందరు జవాబివ్వడానికి నిరాకరిస్తారు.

జవాబు రాకపోతే? ప్యాచ్ పంపినవాళ్లు కనీసం వారం రోజులు ఆగమని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. కొత్త వెర్షన్ విడుదల కాగానే రెండు వారాలు మెర్జ్ విండో, అంటే తర్వాతి వెర్షన్‌కు కొత్త మార్పులు కలుపుకునే సమయం, నడుస్తుంది, అప్పుడు ఇంకా ఎక్కువ ఆగాలి. మీరు మూడు రోజులకే కంగారుపడ్డారు. ఆ తర్వాత అదే థ్రెడ్‌లో (మీ మెయిల్ కింద సాగే చర్చలో) ఒక్క లైను గుర్తుచేస్తే తప్పేమీ కాదు.

మెయిల్ రాయడానికి ఏఐ సాయం తీసుకోవచ్చా అని ఈ మధ్య చాలామంది పిల్లలు అడుగుతున్నారు. మీరు రాసిన వాక్యాల్లో తప్పులు దిద్దించుకోండి, పర్వాలేదు. మీకు అర్థం కాని బగ్ రిపోర్టును దానితో రాయించి పంపడం మాత్రం వద్దే వద్దు. నెట్‌లో డేటా పంపి తెచ్చుకునే కర్ల్ అనే టూల్ ప్రాజెక్టు నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 జనవరిలోనే ఇలాంటి కల్పిత రిపోర్టులు తమ సమయాన్ని ఎలా మింగేస్తున్నాయో బహిరంగంగా రాశారు. వాళ్లు తిరిగి ఒక్క ప్రశ్న అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు, అక్కడితో మీ పేరు మీద నమ్మకం పోతుంది.

ఇక నాన్నగారి మాట. ఆయన చెప్పింది కొట్టిపారేయదగ్గది కాదు. నాలుగో సంవత్సరం మొదట్లోనే క్యాంపస్ డ్రైవ్‌లు వస్తాయి, వాటిలో అడిగేది ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్స్. ఇంట్లో మీ మొదటి జీతం మీద ఆశ పెట్టుకుని ఉంటే ఆ సన్నద్ధతే ముందు. కెర్నెల్ పని మూడు నెలల్లో ఉద్యోగం తెచ్చిపెట్టదు, అలా తెస్తుందని చెప్పిన సీనియర్ మాట నమ్మకండి. కానీ సీ భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు మీకు నిజంగా ఇష్టమైతే వారానికి ఒకరోజు దీనికి కేటాయించండి. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ లాంటి చిప్ కంపెనీలకు పెద్ద కేంద్రాలున్నాయి. వాళ్ల చిప్‌ల డ్రైవర్లు (చిప్‌ను నడిపించే కోడ్) కెర్నెల్‌లోకి వెళ్లాలంటే ఆ కంపెనీల ఇంజినీర్లు కూడా మీరు రాసిన ఇవే లిస్టులకు, ఇదే పద్ధతిలో ప్యాచ్ పంపాలి. ఇంటర్వ్యూలో ‘నా ప్యాచ్ వెర్షన్ 1లో ఈ లోపం చూపించారు, వెర్షన్ 3కి ఇలా సరిచేశాను’ అని ఒక థ్రెడ్ తెరిచి చూపించగల విద్యార్థి నా దృష్టిలో పది సర్టిఫికెట్లు పెట్టుకున్నవాడి కంటే ముందుంటాడు.

సీ మీద మనసు లేకుండా రెజ్యూమె కోసమే దిగితే మాత్రం మానేయండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నాన్నగారు చెప్పిన జావా కోర్సులోనే చేరండి. అందులోనూ ఈ దారి ఉంది. మీరు అక్కడ నేర్చుకునే టామ్‌క్యాట్, మేవెన్, కాఫ్కా అన్నీ అపాచీ ఫౌండేషన్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టులే, వాటి నిర్ణయాలు కూడా మెయిలింగ్ లిస్టుల్లోనే జరుగుతాయి. ‘లిస్ట్‌లో జరగకపోతే జరగనట్టే’ అన్నది అక్కడి నానుడి.

కెర్నెల్ వైపే ఉండదలిస్తే, లైనక్స్ ఫౌండేషన్ ఉచితంగా ఇచ్చే ఎల్ఎఫ్‌డీ103 కోర్సు పూర్తిచేయండి, ప్యాచ్ తయారుచేసి పంపడం దాకా అందులో ఉంది. ‘ఇది అడగొచ్చో లేదో’ అనిపించే ప్రశ్నలకు కెర్నెల్ న్యూబీస్ అనే వేరే లిస్ట్ ఉంది, కొత్తవాళ్ల కోసమే పెట్టింది. తెలుగులో నోరు విప్పి అడగాలంటే గచ్చిబౌలిలో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు ఉన్నారు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. మీ మెయిల్ డ్రాఫ్ట్ పంపేముందు అక్కడ ఒకరికి చూపించండి.

మీకు ఒక్క లైను రాసిన మెయింటెయినర్‌కు క్షమాపణ ఉత్తరం అక్కర్లేదు. ‘థాంక్స్, ఇకపై లిస్ట్‌లోనే అడుగుతాను’ అని ఆయన వాక్యం కింద రాసి వదిలేయండి. ఆ తర్వాత రెండు వారాలు ఏమీ పంపకుండా వైఫై సంగతులు చర్చించే లైనక్స్ వైర్‌లెస్ లిస్ట్ ఆర్కైవ్‌ను రోజూ అరగంట చదవండి. ఎవరు ఎలా అడుగుతున్నారు, ఏ మెయిల్‌కు గంటలో జవాబొస్తోంది, దేనికి రావడం లేదు అన్నది నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోండి. మీ బైసెక్ట్ పూర్తయ్యేసరికి మెయిల్ ఎలా మొదలుపెట్టాలో నన్ను అడగాల్సిన పని ఉండదు.