ఇంజను విప్పే ముందు ఆర్‌పీఎం చూడు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నిరుడు గంటకు 55 కిలోమీటర్లు పోయిన బోటు ఇప్పుడు లివరు చివరిదాకా తోసినా 45 దాటడం లేదని, చెన్నై దగ్గరి కోవళంలో చూసిన మెకానిక్ ఇంజను విప్పాలంటున్నాడని రాశావు. విప్పనివ్వకు. అసలు అంకె ఒక్కటి నీ ఉత్తరంలో లేదు. పూర్తి థ్రాటిల్‌లో, అంటే లివరు చివరిదాకా తోసినప్పుడు, ఇంజను ఎంత ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) తిరుగుతోంది? అది తెలియకుండా పెట్టే ప్రతి రూపాయీ గుడ్డిగా పెట్టేదే.

ఇంజనుతో వచ్చిన పుస్తకంలో తయారీదారు ఒక హద్దు ఇస్తాడు. నీలాంటి పెట్రోల్ వీ8 ఇంజన్లలో చాలావాటికి అది 4400 నుంచి 4800 వరకు ఉంటుంది, కానీ నీకు ప్రమాణం నీ పుస్తకమే. డ్యాష్‌బోర్డు మీటరును నమ్మకు, ఉప్పుగాలికి పాతబడిన మీటర్లు వందల్లో తప్పు చూపిస్తాయి. తిరిగే భాగం మీద మెరిసే టేపు ముక్క అతికించి కాంతితో కొలిచే చేతి టాకోమీటరు ఒకటి కొనుక్కో. వేగాన్ని ఫోను జీపీఎస్‌లో చూడు. సముద్రపు గాలి లేవకముందే, తెల్లవారాక వెళ్లి, రెండు దిశల్లోనూ నడిపి సగటు తీసుకో. ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో మాత్రం ఈ పరీక్ష వద్దు. లోతు తక్కువైన చోట నీరే పడవ వేగాన్ని మార్చేస్తుంది, పైగా అక్కడ జనం తిరుగుతుంటారు.

ఆర్‌పీఎం హద్దుకు చేరుతోంది, వేగం మాత్రం లేదు అనుకో. అప్పుడు ఇంజను తన పని తాను చేస్తున్నట్టే. శక్తి ఇంజనుకూ నీటికీ మధ్య ఎక్కడో పోతోంది. దీనికి చిన్న లెక్క ఉంది. గేర్ నిష్పత్తి అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజను తిరిగే చుట్లు. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టుకు, జారకపోతే, ముందుకు పోయే దూరం. ఆర్‌పీఎంను గేర్ నిష్పత్తితో భాగించి, ప్రొపెల్లర్ పిచ్ అంగుళాలతో గుణించి, 656తో భాగిస్తే, ఏమాత్రం జారకుండా పోతే రావలసిన కిలోమీటర్ల వేగం వస్తుంది. ఉదాహరణకు 4400 ఆర్‌పీఎం, 1.5 నిష్పత్తి, 15 అంగుళాల పిచ్ అయితే 67. జీపీఎస్ 55 చూపితే జారుడు 18 శాతం, ఇలాంటి పడవలకు అది మామూలే. 45 చూపితే 33 శాతం. అది మామూలు కాదు. పిచ్ ఎంతో ప్రొపెల్లర్ బొడ్డు మీద, వ్యాసం పక్కనే చెక్కి ఉంటుంది.

అంత జారితే ముందు ప్రొపెల్లర్‌నే చూడు. రెక్క అంచు కొద్దిగా మడత పడినా, సముద్రపు గుల్లలు పట్టినా నీటిని సరిగా పట్టలేదు. అది బాగుందంటే గేర్‌బాక్సును అనుమానించు. టేపు ముక్కను ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టు మీద అతికించి, చేతులూ బట్టలూ దూరంగా ఉంచి, దాని ఆర్‌పీఎం కొలువు. ఇంజను ఆర్‌పీఎంను నిష్పత్తితో భాగిస్తే వచ్చే అంకె కన్నా షాఫ్టు తక్కువ తిరుగుతుంటే లోపల క్లచ్ జారుతోంది. నూనె నల్లబడి మాడు వాసన వస్తే అనుమానం అక్కర్లేదు. గేర్ కేబులు సర్దుబాటు తప్పి, గేర్ లివరు పూర్తిగా పడకపోయినా క్లచ్ జారుతుంది. అలాగే నడిపితే గేర్‌బాక్సు కాలిపోతుంది, కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆలస్యం చేయకు.

ఆర్‌పీఎం హద్దుకే చేరకపోతే కథ వేరు. అయినా ఇంజను మీద పడకు, ముందు బరువు సంగతి తేల్చు. పడవను పైకి లాగించి అడుగు చూడు. మన చెన్నై నీళ్లు ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటాయి, గుల్లలకు కొన్ని వారాలు చాలు. గరుకైన అడుగుతో పడవ నీటిని కోసుకుపోలేదు, లాక్కుంటూ పోతుంది. తర్వాత ట్రైలరుతో సహా వే బ్రిడ్జి ఎక్కించు. అడుగున నిలిచిన నీరు, నేల కింద ఫోమ్ పీల్చిన నీరు కంటికి కనిపించవు, తూకంలో కనిపిస్తాయి. ప్రొపెల్లర్ మధ్యలో ఎవరైనా మార్చారేమో కూడా అడుగు. పిచ్ అంగుళం పెరిగితే ఆర్‌పీఎం దాదాపు 150 నుంచి 200 పడిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉంటేనే ఇంజను దగ్గరికి రా. ఇంజను ఆపి, లివరు పూర్తిగా తోసి, ఇంజనులోకి గాలి వదిలే థ్రాటిల్ పలక నిలువునా తెరుచుకుంటోందో లేదో చూడు. కేబులు సాగి ముప్పావు వంతే తెరుచుకోవడం తరచుగా జరిగేదే. తర్వాత పెట్రోలు. ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్లతో కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. నెలల తరబడి కదలని బోటుకు ఇది పెద్ద చిక్కు. ఫిల్టరులోది గాజు సీసాలో వంచి చూడు, రెండు పొరలుగా విడితే ట్యాంకు ఖాళీ చేయించు. ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోయిందేమో కూడా ఊది చూడు. ఇంజను గదికి గాలి చాలుతోందా అన్నది తేల్చడం తేలిక. మూత కొంచెం ఎత్తి పట్టించి పరుగు తీయించు, ఆర్‌పీఎం పెరిగితే గాలి దారులు మూసుకుపోయినట్టు. ప్లగ్గులు, కంప్రెషన్ పరీక్ష అన్నిటికన్నా చివర.

ప్రతిసారీ స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలైనా బ్లోయర్, అంటే ఇంజను గదిలోని గాలిని బయటికి తోసే ఫ్యాను, నడుపు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. ఈ మాట దాటవద్దు.

పూర్తి థ్రాటిల్ ఆర్‌పీఎం, జీపీఎస్ వేగం, గేర్ నిష్పత్తి, ప్రొపెల్లర్ మీది అంకెలు, తూకం, పరీక్ష రోజు బోటులో ఎంతమంది ఉన్నారో ఒక కాగితం మీద రాసి పంపు. ప్రొపెల్లర్ వంగి ఉంటే నువ్వు సుత్తి పెట్టకు, ఊడదీసి తిరువొత్తియూరుకు తీసుకురా, కాసిమేడులో సరిచేసేవాళ్ల దగ్గరికి ఇద్దరం కలిసి వెళదాం.

మీ పెదనాన్న