ఆఫీసు గోల: లోపం మీలో లేదు

పక్క సీటు ఫోన్ మాటలకు మీ పని సాగట్లేదు, మగవాళ్లకేమో పట్టింపే లేదు, లోపం నాలోనేనా అని అడిగారు. కానే కాదండీ. పైకి మామూలుగా కనిపించినంత మాత్రాన లోపల ఒత్తిడి లేనట్టు కాదు. 2000లో వెలువడిన కార్నెల్ యూనివర్సిటీ అధ్యయనంలో 40 మంది మహిళా గుమాస్తాలు పాల్గొన్నారు. 3 గంటలు ఆఫీసు రొదలో కూర్చున్నవాళ్లు ఒత్తిడి ఎక్కువైందని చెప్పలేదు. ఒత్తిడిలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్ మాత్రం పెరిగింది, తెగని పజిల్‌ను తొందరగా వదిలేశారు. మీ సహోద్యోగుల సంగతీ అదే కావచ్చు.

ఫ్యాన్ హోరు కన్నా అర్థమయ్యే మాటలే ఏకాగ్రతను ఎక్కువ చెడగొడతాయి, చదివేటప్పుడు మరీను. హెడ్‌ఫోన్స్‌లో పాటలొద్దు, వాన చప్పుడు పెట్టుకోండి. మేనేజర్‌తో "గోల పడట్లేదు" అనకండి. "లెక్కల్లో తప్పులు దొర్లుతున్నాయి, లెక్కలు చూసే గంటసేపు మీటింగ్ గది ఇవ్వండి" అనండి.