గొంతు దిద్దే పనితో బతకవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చదివింది. విజయవాడ ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో గాత్రం డిప్లొమా కూడా పూర్తిచేసింది. కచేరీల మీద ఆసక్తి లేదు. పాడేవారికి గొంతు వాడే పద్ధతి, నాదం నిండుగా పలికించే మెళకువలు నేర్పుతానంటోంది. ఇది ఉపాధి అవుతుందా? బ్యాంకు పరీక్షలు రాయించమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అవుతుంది. కానీ మొదట్లో ఆ ఒక్క పనితోనే గడవదు. మన దగ్గర పాట నేర్పమని వస్తారు గానీ, గొంతు సరిదిద్దమని అడిగి వచ్చేవారు తక్కువ. కాబట్టి సంగీతం టీచరుగానే మొదలుపెట్టనివ్వండి. బ్యాంకు పరీక్షలు రాయాలని తనకే ఉంటే రాస్తుంది, మీరు బలవంతపెట్టకండి. ఈ పని తెలిసినవారి అవసరం మన ప్రాంతంలో చాలా ఉంది.

తారస్థాయి షడ్జం, అంటే పై 'స', అందుకోబోయే పిల్లను ఒకసారి గమనించండి. గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, భుజాలు బిగుస్తాయి. అప్పుడు 'ఇంకా గట్టిగా' అంటే గొంతు పాడవుతుంది. స్వరపేటిక పైకి లాక్కుపోయి దారి ఇరుకైతే, ఎంత బలం పెట్టినా శబ్దం సన్నగానే వస్తుంది. పని తెలిసిన టీచరు శ్రుతి కాస్త తగ్గించి, అదే స్వరాన్ని ముందు పెదవులు మూసి పలికిస్తారు. తర్వాత ఊకారంలో, చివరికి ఆకారంలో. సన్నని స్ట్రా గుండా స్వరం పలికించడమూ ఇలాంటి సాధనే. బయటికి పోయే గాలికి కొంత అడ్డు తగలడంతో, స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోవు.

ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలు ఎక్కువగా పాశ్చాత్య పద్ధతివి. ఒపేరా గాయకులు మైకు లేకుండా వాద్యబృందాన్ని దాటి వినిపించాలి. అందుకే 3,000 హెర్ట్జ్ పరిసరాల్లో కంఠధ్వని ప్రత్యేకంగా బలపడేలా సాధన చేస్తారు. మైకు ముందు గమకాలు (స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరు) పలికే మన గాయకులకు ఆ సాధన ఉన్నదున్నట్టుగా రుద్దకూడదు. మంద్రస్థాయి (కింది స్వరాల) సాధన, మూడు కాలాల (మూడు వేగాల) సరళీ వరుసలు చేయిస్తూనే, ఆ పాశ్చాత్య పద్ధతిలో పనికొచ్చినంత జోడించాలి.

ఇక శిష్యులంటారా, చర్చి గాయక బృందాలున్నాయి, టీవీ పాటల పోటీలకు వెళ్లే పిల్లలున్నారు. పద్యనాటకం వేసేవారిని మరవద్దు. పద్యనాటక నటుడు ఈలపాట రఘురామయ్య పుట్టిన జిల్లా మనది. పద్యం చివర రాగం సాగదీసి, వన్స్‌మోర్ అంటే మళ్లీ అంతా పాడే నటుడి గొంతుకు ఎంత శ్రమో ఆలోచించండి. వారికి ఈ శిక్షణ అందాలని నా కోరిక.

ఒక హద్దు మాత్రం దాటకూడదు. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే పాఠం ఆపి ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి పంపాలి. చికిత్స వేరే వృత్తి. దానికి వాక్ శ్రవణ (మాట, వినికిడి) శాస్త్రంలో డిగ్రీ ఉంది, మైసూరులోని జాతీయ సంస్థలో చదవవచ్చు.

ఈ ఏడాది విజయవాడ ఆకాశవాణి ఆడిషన్‌కు సిద్ధం కమ్మనండి. ఆకాశవాణి గాయకులకిచ్చే గ్రేడుల్లో తొలి మెట్టయిన బీ గ్రేడు వచ్చినా శిష్యుల తల్లిదండ్రులకు నమ్మకం కలుగుతుంది. అనుభవమున్న గురువు పక్కన కూర్చుని, పిల్లల గొంతులు వినడం అలవాటు చేసుకోవాలి. ప్రతి శిష్యుడి గొంతునూ చేరిన రోజున ఫోనులో రికార్డు చేసి, మూడు నెలల తర్వాత అదే శ్రుతిలో అదే పంక్తి మళ్లీ పాడించి పోల్చాలి. బ్రాడీపేటలో గది అద్దెకు తీసుకోవాలన్న తొందర వద్దు, ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. పాట పాఠం నలుగురికి కలిపి చెప్పినా, గొంతు పాఠం ఒక్కొక్కరికీ విడిగా అరగంట చొప్పున పెట్టి, ఫీజు కూడా విడిగానే తీసుకోమనండి.