చెత్త డబ్బాలు తీసే కౌన్సిల్‌కు మా ఇంటి గొడవ చెప్పాలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. వచ్చి మూడేళ్ళయింది. మా వారిది స్కిల్డ్ వర్కర్ వీసా, ఐటీ ఉద్యోగం. నేనూ ఆరేళ్ళ బాబూ డిపెండెంట్లం. నేను సూపర్ మార్కెట్‌లో సాయంత్రం షిఫ్టు చేస్తాను కానీ జీతం ఆయన ఖాతాలోనే పడుతుంది. బస్సు పాస్‌కు కూడా ఆయన్నే అడగాలి. ఇదివరకు తిట్లే, ఈ ఏడాది రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. రెండోసారి బాబు చూస్తుండగానే. ఇక్కడి మనవాళ్ళు ఇంటికొచ్చి, ఇద్దరినీ కూర్చోబెట్టి, సర్దుకుపొమ్మని చెప్పి కాఫీలు తాగి వెళ్ళారు. ‘ఎక్కువ మాట్లాడితే ఒక్క మెయిల్ కొడతా, వీసా పోయి ఇండియాలో పడతావు’ అంటాడు. పక్కింటావిడ కౌన్సిల్‌కు వెళ్ళమంటోంది. చెత్త డబ్బాలు తీసుకెళ్ళేవాళ్ళకు, ట్యాక్స్ వసూలు చేసేవాళ్ళకు ఇదంతా ఏం చెప్పాలి? చెబితే పిల్లల సంగతి చూసే సోషల్ వర్కర్లు బాబును తీసుకుపోతారని భయం. అమ్మేమో బాబును తీసుకుని వచ్చెయ్ అంటోంది.

జవాబు: అమ్మా, మీ పక్కింటావిడ సరిగ్గానే చెప్పింది. మన ఊళ్ళో మున్సిపాలిటీకి వెళ్ళి మొగుడు కొట్టాడంటే పోలీస్ స్టేషన్‌కు పొమ్మంటారు. ఇంగ్లండ్‌లో అలా కాదు. ఇల్లు లేనివాళ్ళకు ఇల్లు చూపించే శాఖ, పిల్లల బాగోగులు చూసే శాఖ కౌన్సిల్‌వే. కొన్ని కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటి వాటిలో, ఇవి రెండు వేర్వేరు కౌన్సిళ్ళ కింద ఉంటాయి, రెడింగ్‌లో రెండూ ఒక్కదాని కిందే.

చెయ్యి చేసుకుంటే హింస అని అందరూ ఒప్పుకుంటారు. మీ జీతం ఆయన ఖాతాలో పడటం, బస్సు పాస్‌కు ఆయన ముందు నిలబడటం కూడా 2021 నాటి గృహహింస చట్టం ప్రకారం హింసే. ఆర్థిక వేధింపును అందులో పేరు పెట్టి మరీ చేర్చారు. చూస్తున్న పిల్లవాడు కూడా ఆ చట్టం దృష్టిలో బాధితుడే. కౌన్సిల్‌లో మాట్లాడేటప్పుడు కొట్టిన రెండుసార్ల గురించే చెప్పి ఊరుకోకండి. డబ్బు సంగతి, వీసా బెదిరింపు, బాబు చూసిన సంగతి అన్నీ చెప్పండి.

ఇల్లున్నా అక్కడ హింస భయం ఉంటే చట్టం లెక్కలో ఇల్లు లేనట్టే. గృహహింస వల్ల ఇల్లు వదిలినవాళ్ళను 2021 జులై నుంచి ముందు వరసలో చూడాలన్న నియమం వచ్చింది. పోలీసు కేసు పెట్టి ఉండాలన్న షరతు లేదు. నిజమా కాదా అని మీ ఆయనకు ఫోన్ చేసి అడగకూడదు. మీ ఊరి కౌన్సిలే కావాలనీ లేదు, ఆయనకు తెలియని ఊళ్ళోనూ అడగొచ్చు.

మీ విషయంలో మెలిక వీసా దగ్గర ఉంది. డిపెండెంట్ వీసా మీద ‘నో పబ్లిక్ ఫండ్స్’, అంటే కొన్ని రకాల ప్రభుత్వ సాయం తీసుకోకూడదు, అన్న షరతు ఉంటుంది. కౌన్సిల్ ఇచ్చే ఇల్లు ఆ ఫండ్స్ కిందికే వస్తుంది కాబట్టి, కౌంటర్‌లో అమ్మాయి మీ వీసా చూసి ‘మీరు అర్హులు కారు’ అనొచ్చు. చాలామంది అక్కడితో ఇంటికొచ్చేస్తారు. మీరు రావద్దు. పిల్లల శాఖ ఆ షరతు కిందికి రాదు. 1989 నాటి పిల్లల చట్టం సెక్షన్ 17 కింద, అవసరంలో ఉన్న పిల్లవాడి కుటుంబానికి వాళ్ళు బసా ఖర్చులూ ఇవ్వొచ్చు. అడగాల్సింది ‘సెక్షన్ 17 అసెస్‌మెంట్’. ఒక్కోసారి ‘బాబుకైతే చోటిస్తాం, మీకు కాదు’ అని కూడా అంటారు. ఒప్పుకోకండి. ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మని అడిగి, కాగితం వకీలుకు చూపించండి.

బాబును తీసుకుపోతారన్న భయం తెలుగు తల్లులందరిలోనూ చూస్తున్నాను. ఆ భయాన్ని పెంచి పోషించేది ఎక్కువగా మొగుళ్ళే. తల్లి ఒప్పుకోకుండా పిల్లవాణ్ణి తీసుకెళ్ళాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి, పోలీసులు అత్యవసరంలో తీసుకున్నా 72 గంటలే. హింస నుంచి పిల్లవాణ్ణి దూరంగా తీసుకొచ్చిన తల్లి దగ్గరే వాణ్ణి ఉంచాలని చూస్తారు. ప్రశ్నలు మాత్రం చాలా అడుగుతారు, ఇంటి గుట్టు వాళ్ళకెందుకని విసుగు పుడుతుంది. ఓపిక పట్టండి.

ఇక వీసా బెదిరింపు. అది పూర్తిగా ఉత్తుత్తిది కాదు, ఆయన చెప్పినంత పెద్దదీ కాదు. కాపురం చెడిందని ఆయన వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్‌కు రాయగలడు, కానీ మీ వీసా తీసేది హోం ఆఫీస్, ఆయన కాదు. వీసా గడువు కుదించినా మామూలుగా 60 రోజుల గడువిస్తారు. ఇలాంటి భార్యల కోసమే మైగ్రెంట్ విక్టిమ్స్ ఆఫ్ డొమెస్టిక్ అబ్యూస్ కన్సెషన్ అని ఒక వెసులుబాటు ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి వర్కర్ల, విద్యార్థుల డిపెండెంట్లూ అడగొచ్చు. మూడు నెలల అనుమతి వస్తుంది, ఆ మూడు నెలలూ పబ్లిక్ ఫండ్స్ తలుపు తెరుచుకుంటుంది, హింస నుంచి బయటపడ్డ ఆడవాళ్ళు తలదాచుకునే రెఫ్యూజ్‌లో గది అద్దె కట్టే దారి దొరుకుతుంది. అయితే అది వస్తే మీ డిపెండెంట్ వీసా రద్దవుతుంది. బ్రిటిష్ పౌరుల భార్యలకు దీని తర్వాత శాశ్వత నివాసం అడిగే దారి ఉంది, వర్కర్ల భార్యలకు లేదు. మూడు నెలల్లో వేరే వీసా చూసుకోవాలి. అందుకే ఇమ్మిగ్రేషన్ వకీలుతో మాట్లాడాకే ఆ ఫారం ముట్టుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో సలహా అడగకండి, అందులో మీ వారి స్నేహితులూ ఉంటారు.

నా మాటగా అడిగితే, కౌన్సిల్ గుమ్మం ఎక్కేముందు నేషనల్ డొమెస్టిక్ అబ్యూస్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమంటాను. 0808 2000 247, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు పడదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. లండన్‌లో సౌథాల్ బ్లాక్ సిస్టర్స్ 1979 నుంచి దక్షిణాసియా మహిళల కోసం పనిచేస్తోంది, వీసా చిక్కులున్న కేసులు వాళ్ళకు కొట్టిన పిండి. ఇలాంటివాళ్ళు తోడు వచ్చినా, ఒక ఉత్తరం రాసిచ్చినా కౌంటర్‌లో అమ్మాయి మాట మారుతుంది. ఆ ఫోన్ మీరు పనిచేసే సూపర్ మార్కెట్‌లో బ్రేక్ టైంలో చేయండి. ఇంటర్నెట్‌లో వెతకాల్సింది ఏదైనా ఉంటే లైబ్రరీ కంప్యూటర్‌లో చూడండి. జీపీ, అంటే మీ డాక్టర్, దగ్గరకు ఒంటరిగా వెళ్ళి దెబ్బల సంగతి రికార్డులో రాయించండి, ప్రభుత్వ ఖర్చుతో వకీలు సాయం ఇచ్చే లీగల్ ఎయిడ్‌కు రేపు అదే సాక్ష్యం. మీ పేరు మీద ఖాతా తెరిచి, వచ్చే నెల జీతం అందులో పడేలా మేనేజర్‌కు చెప్పండి. కాకపోతే జీతం ఆగిందని తెలిసిన రోజు ఆయన ఎలా ఉంటాడో ఊహించుకుని, ఆ రోజుకు వెళ్ళే చోటు ముందే చూసుకోండి. మీ ఈ-వీసా (ఆన్‌లైన్ వీసా రికార్డు) ఖాతా ఆయన ఈమెయిల్‌తో ఉంటే ఆ సంగతి వకీలుకు చెప్పండి.

మళ్ళీ చెయ్యెత్తితే ఇవన్నీ పక్కనపెట్టి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి. మాట్లాడే వీలు లేకపోతే, సెల్‌ఫోన్ నుంచి చేసినప్పుడు వాళ్ళు చెప్పగానే 55 నొక్కితే పోలీసులకు కలుపుతారు.

కాఫీలు తాగి వెళ్ళిన పెద్దమనుషులను మళ్ళీ పిలవొద్దు. మీరు ఎక్కడికి వెళ్ళారో ఆయనకు చేరవేసేది వాళ్ళే కావచ్చు.

అమ్మ మాట మీద కోపం తెచ్చుకోకండి, ఆవిడకు అక్కడి చట్టం తెలియదు. తండ్రి అనుమతో కోర్టు అనుమతో లేకుండా బాబును ఇండియా తెస్తే మీ మీదే కేసు పడుతుంది. మీ వారు ఉన్నట్టుండి మంచివాడైపోయి ‘సంక్రాంతికి వెళ్ళొద్దాం’ అని టికెట్లు తీస్తే అదీ ఆలోచించాల్సిన సంగతే. ఇండియాలో భార్య పాస్‌పోర్ట్ లాక్కుని, పిల్లవాడితో భర్త ఒక్కడే విమానమెక్కిన కేసులున్నాయి. బాబును దేశం దాటించకుండా ఆపే కోర్టు ఉత్తర్వు ఉంటుంది, వకీలును మొదటిసారి కలిసినప్పుడే దాని గురించి అడగండి. ఈలోగా మీ ఇద్దరి పాస్‌పోర్టులు ఏ సొరుగులో ఉన్నాయో చూసి, ఫోటోలు తీసి పెట్టుకోండి.