కావలియర్ ఎకోలో 1.4 వస్తే మందు మొదలుపెట్టాలా?

ఏడేళ్ల కావలియర్ జాతి కుక్కకి గుండెలో మర్మర్ (అదనపు శబ్దం) వినిపించింది, ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం) మందంగా ఉందని, ఎల్ఏ/ఏఓ 1.4 అని రాశారు, కానీ మందు ఇవ్వలేదు, డాక్టరు ఏదైనా మర్చిపోయారా అని కదా మీ టెన్షన్. మర్చిపోలేదండీ. ఈ జాతిలో ఆ వయసుకి వాల్వు మందమవడం చాలా మామూలు. మందు ఇవ్వాలా వద్దా అనేది వాల్వు మందాన్ని బట్టి కాదు, వెనక్కి కారే రక్తం వల్ల గుండె సాగిందా లేదా అన్నదాన్ని బట్టి. 1.4 అంటే ఎడమ పై గది (ఎల్ఏ) వెడల్పుని పక్కనున్న అయోర్టా (ఏఓ, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) వెడల్పుతో భాగిస్తే వచ్చిన అంకె, అది కనీసం 1.6 ఉండాలి, దాంతోపాటు కుక్క బరువుకి సరిచేసి చూసిన ఎడమ కింది గది కొలత 1.7కి చేరాలి, అప్పుడే బీ2 దశ (ఇంకా లక్షణాలు లేకపోయినా గుండె సాగిన దశ) అంటారు, పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడతారు. 2016లో వచ్చిన ఎపిక్ పరిశోధనలో ఈ దశలో మొదలుపెట్టిన కుక్కలకి హార్ట్ ఫెయిల్యూర్ దాదాపు 15 నెలలు వెనక్కి జరిగింది. అంతకంటే ముందే ఇస్తే లాభమని ఎవరూ తేల్చలేదు.

మా కుక్కకి ఎకో తీసినప్పుడు మత్తు కూడా ఇవ్వలేదు, బల్లకి ఉన్న కంత మీద కుడిపక్కకి పడుకోబెట్టి కింద నుంచి ప్రోబ్ పెట్టారు, నేను తల నిమురుతూ కూర్చున్నాను, అంతే. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మళ్లీ తీయించండి, వీలైతే అదే డాక్టరు దగ్గర, చెయ్యి మారితే కొలత కొంచెం మారుతుంది. ఈలోగా గాఢ నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాసుకోండి, రెండు మూడు సార్లు చూసినా 30 దాటుతుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఫోన్ చెయ్యండి.