స్వాప్ ఫైల్‌లోకి వెళ్లిన పేజీని కెర్నల్ వెనక్కి ఎలా తెస్తుంది?

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు మెమరీలోని పేజీలనే చిన్న ముక్కల్ని దాచే డిస్క్ చోటు) కూడా ఒక ఫైలే కదా, పేజీ కావాల్సినప్పుడల్లా లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దాన్ని మామూలు ఫైల్‌లాగే చదువుతుందా అని అడిగారు. సాధారణంగా చదవదు. నేనూ చాన్నాళ్లు చదువుతుందనే అనుకున్నాను. ఓసారి ట్రంకేట్ కమాండ్‌తో చిటికెలో 4 జీబీ ఫైల్ తయారుచేసి స్వాపాన్ (ఫైల్‌ని స్వాప్‌గా వాడమనే కమాండ్) కొడితే, ఫైల్‌లో ఖాళీలు (డిస్క్ మీద చోటు కేటాయించని భాగాలు) ఉన్నాయంటూ మొండికేసింది. మామూలు ఫైల్‌కి అడ్డురాని ఖాళీలు దీనికెందుకు అడ్డం అని వెతికితే అసలు సంగతి తెలిసింది.

స్వాపాన్ చేసినప్పుడే కెర్నల్ ఆ ఫైల్ బ్లాకులు డిస్క్ మీద ఎక్కడున్నాయో పట్టిక రాసేసుకుంటుంది. ఆపైన ఫైల్‌సిస్టమ్ జోలికి పోకుండా నేరుగా డిస్క్‌నే అడుగుతుంది. (నెట్‌వర్క్ మీది ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైలైతే వేరే దారి.) మెమరీకి కటకటలాడే వేళ బ్లాకులు వెతకడానికి మళ్లీ మెమరీ అడిగితే ఇంకేమన్నా ఉందా!

ఇక చదవడం. బయటికెళ్లిన పేజీ తాలూకు పేజ్ టేబుల్ (ఏ పేజీ ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక) ఎంట్రీలో అడ్రస్ బదులు ఏ స్వాప్, అందులో ఎన్నో స్లాట్ అనేది ఉంటుంది. ప్రోగ్రాం దాన్ని ముట్టుకోగానే పేజ్ ఫాల్ట్, అంటే పేజీ అందుబాటులో లేదని ప్రాసెసర్ కెర్నల్‌ని పిలుస్తుంది. కెర్నల్ ముందు స్వాప్ కాష్‌లో (స్వాప్ పేజీల్లో ఇంకా ర్యామ్‌లోనే ఉన్నవాటి జాబితా) చూస్తుంది. దొరికితే డిస్క్ దాకా వెళ్లే పనే లేదు, మైనర్ ఫాల్ట్‌తో సరి. లేకపోతే కొత్త పేజీ కేటాయించి, చదవడం పూర్తయ్యేదాకా ప్రోగ్రాంని నిద్రపుచ్చుతుంది. అది మేజర్ ఫాల్ట్. పనిలో పనిగా పక్క పేజీలు కూడా తెస్తుంది: పేజ్-క్లస్టర్ అనే కెర్నల్ సెట్టింగ్ విలువ మామూలుగా 3, అంటే 2×2×2, ఒక్కో విడతకి 8 పేజీల వరకు. జెడ్‌ర్యామ్‌కి (పేజీల్ని కుదించి ర్యామ్‌లోనే దాచే స్వాప్) ఈ ముందుచూపు దండగ, నేను 0 పెట్టుకుంటాను.

స్వాప్ వల్లే మెషిన్ నత్తనడక నడుస్తోందనుకుని ఒకసారి స్వాపాఫ్ చేశాను. ఇంకా ఘోరమైంది. మెమరీ, డిస్క్ లెక్కలు చూపే వీఎంస్టాట్ కమాండ్‌లో ఎస్‌ఐ (స్వాప్ నుంచి చదివింది) ఎలాగూ సున్నా, కానీ బీఐ (డిస్క్ నుంచి చదివింది) ఆగకుండా పరిగెడుతోంది. ప్రోగ్రాం కోడ్ పేజీలు స్వాప్‌లోకి వెళ్లవు. అసలు ఫైల్ డిస్క్ మీదే ఉంది కాబట్టి కెర్నల్ వాటిని ఊరికే పారేసి, కావాల్సినప్పుడు ఆ ఫైల్ నుంచే మళ్లీ చదువుతుంది. హీప్ పేజీలకి (ప్రోగ్రాం నడుస్తూ తన డేటా కోసం తీసుకునేవి) బయటికెళ్లే దారి మూసేసింది నేనే, దాంతో భారమంతా కోడ్ పేజీల మీద పడింది. అందుకే ఇప్పుడు ఎస్‌ఐ ఒక్కటే చూసి ఊరుకోను. పీఎస్ కమాండ్‌లో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) మేజర్ ఫాల్ట్‌ల లెక్క చూస్తాను, స్వాప్ నుంచి చదివినవీ, ఫైల్ నుంచి చదివినవీ అందులోకే వస్తాయి.