డబ్బు కట్ అయింది, డొమైన్ రాలేదు

ప్రశ్న: సార్, మాది వరంగల్ కొత్తవాడ. నేను, మా ఆవిడ రెండు మగ్గాల మీద జంపఖానాలు నేసి అమ్ముకుంటాం. మా నాన్న 1994లో పెట్టిన షాపు పేరుతోనే వెబ్‌సైట్ ఉండాలని, కొత్తగా వస్తున్న ఒక డొమైన్ ఎక్స్‌టెన్షన్‌లో (వెబ్‌సైట్ పేరు చివర .com లాంటిది) ఆ పేరు ముందే బుక్ చేశాను. అమ్మకాలు మొదలైన రాత్రి 9.30కి 3,200 రూపాయలు కడితే డబ్బు కట్ అయింది, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ కట్టాను. ఈసారి 'ఆర్డర్ అందింది' అని మెయిల్ వచ్చింది. తెల్లారి చూస్తే పేరు ఇంకెవరికో పోయింది. అడిగితే 'టెక్నికల్ ప్రాబ్లమ్, రీఫండ్ ఉండదు' అంటున్నారు. పేరు తిరిగొస్తుందా? కేసు వేయొచ్చా?

జవాబు: డబ్బు రాబట్టడం తేలికే. పేరు దగ్గరే చిక్కు.

మీరు డబ్బు కట్టిన కంపెనీ రిజిస్ట్రార్. ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారు లాంటివాడు అనుకోండి. పేర్ల అసలు పద్దు రిజిస్ట్రీ అనే వేరే సంస్థ దగ్గర ఉంటుంది. అమ్మకాలు మొదలైన క్షణంలో రిజిస్ట్రార్లంతా ఒకేసారి ఆర్డర్లు పంపుతారు. ఏది ముందు పద్దులోకి ఎక్కితే పేరు వాళ్లదే. ముందస్తు బుకింగ్ అంటే 'మీ తరఫున లైన్లో నిలబడతాం' అన్నంత మాటే. 'ఆర్డర్ అందింది' అన్న మెయిల్ ఒక్కటే ఉంటే, పేరు మీదైపోయిందని కోర్టులో చెప్పడం కష్టం.

కాబట్టి ముందు ఒక పని చేయండి. డొమైన్ల నమోదు వివరాలు చూపే ఆన్‌లైన్ సేవ ఆర్‌డాప్‌ (RDAP). ఆ పేరును అందులో వెతకండి. ఇదివరకు హూయిజ్ అనేవాళ్లం, ఇప్పుడు దాని స్థానంలో వచ్చింది ఇదే. పేరు నమోదైన సమయం అందులో సెకన్లతో సహా ఉంటుంది. అది యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, మనకు 5.30 గంటలు కలుపుకోవాలి. అంటే అక్కడి 16.00 మన రాత్రి 9.30. మొదటి ఒకట్రెండు సెకన్లలోనే నమోదై ఉంటే ఎవరి యంత్రమో మీకంటే ముందు పరుగెత్తింది, కంపెనీని పెద్దగా తప్పుపట్టలేం. రాత్రి 11 గంటలకో తెల్లవారుజామునో నమోదై ఉంటే, అంతసేపూ మీ ఆర్డర్ ముందుకు కదల్లేదన్నమాట. మీ కేసుకు అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఒకవేళ కొన్ని వారాల ముందు తేదీ ఉంటే, ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లకు ముందుగా ఇచ్చే సన్‌రైజ్ గడువులోనే పేరు పోయింది. పోయిన పేరుకు మీ దగ్గర డబ్బు తీసుకున్నారన్నమాట, అది ఇంకా పెద్ద తప్పు.

'టెక్నికల్ ప్రాబ్లమ్' అన్న సాకుకు నేను పెద్దగా విలువ ఇవ్వను. మొదటి రోజు తాకిడి ఉంటుందని వాళ్లకు ముందే తెలుసు. 2012లో కొత్త ఎక్స్‌టెన్షన్లకు దరఖాస్తులు తీసుకున్నప్పుడు ప్రపంచంలో డొమైన్ పేర్ల వ్యవస్థను నడిపించే ఐకాన్ సంస్థ సొంత సిస్టమ్‌లోనే లోపం బయటపడింది. కొందరు దరఖాస్తుదారుల ఫైళ్ల పేర్లు మిగతావాళ్లకు కనిపించాయి. ఏప్రిల్ 12న ఆపేసి మే 22న మళ్లీ తెరిచారు, గడువు మే 30 దాకా పెంచారు. ఒక్కో దరఖాస్తు ఫీజు 1,85,000 డాలర్లు మరి! మీ 3,200కు అంత మర్యాద దక్కలేదు, అంతే తేడా.

మీరు కట్టిన రెండు మొత్తాలను విడివిడిగా చూడాలి. మొదటిది కంపెనీకి చేరనే లేదంటే అది బ్యాంకు సంగతి. 2019 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల ప్రకారం అలాంటి సొమ్ము 5 రోజుల్లో వెనక్కి రావాలి, ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు పరిహారం. రెండోదానికి కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు చాలు. సేవ అందించకుండా సొమ్ము ఉంచుకోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమే. 'మీరు వ్యాపారి, వినియోగదారు కాదు' అని వాదిస్తారు. మీరిద్దరూ సొంతంగా నేసి బతుకుతున్నారు కాబట్టి స్వయం ఉపాధి మినహాయింపు మీకు అక్కరకొస్తుంది. ఆ మాట ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయించండి. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది.

ఇక పేరు. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని చెప్పింది. కానీ అవతలివాళ్లకూ అదే పేరుతో నిజమైన వ్యాపారం ఉంటే మీరు ఓడిపోతారు. మీ పేరు 'వరంగల్ దర్రీలు' లాంటిదైనా అంతే. 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన పేరది, ఏ ఒక్కరి సొంతమూ కాదు. మీకే ఎక్కువ రేటుకు అమ్మాలని కొనిపెట్టుకున్నారని మెసేజ్ రుజువు దొరికితే యూడీఆర్‌పీ అనే డొమైన్ వివాదాల విధానంలో ఫిర్యాదు చేసే దారి ఉంది. కానీ ఆ ఫిర్యాదులు వినే వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఫీజే 1,500 డాలర్లు. రెండు మగ్గాల ఇంటికి ఆ సలహా నేనివ్వను. వేరే ఎక్స్‌టెన్షన్‌లో పేరు తీసుకుని, 4,500 రూపాయలతో 27వ క్లాసులో (తివాచీలు, జంపఖానాల వర్గం) ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెట్టండి. నాన్నగారి కాలం నాటి బిల్లు పుస్తకాలు అప్పుడు పనికొస్తాయి.

మెయిళ్లు, స్క్రీన్‌షాట్లు తీసిన ఫోన్‌ను మార్చకండి. వాటి ప్రింట్లతో పాటు ఎలక్ట్రానిక్ రికార్డులకు 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ అడిగే సర్టిఫికెట్ జతచేయాలి. నోటీసు మాత్రం ఆర్‌డాప్‌లో సమయం చూసిన తర్వాతే రాయించండి, ఏ తప్పు మోపాలో దాన్ని బట్టే ఉంటుంది.